స్వరపేటిక క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మళ్లీ మింగడం: ఉమ్మి నుంచి ముద్ద దాకా

"మింగడానికి ఏ వ్యాయామం మంచిది?" అని అడిగేవారికి ముందు ఒక ఎదురుప్రశ్న వేయాలి: మీకు స్వరపేటికలో ఏ భాగం తీశారు? ఒక ఆపరేషన్ తర్వాత ప్రాణం కాపాడే పద్ధతి ఇంకో ఆపరేషన్ తర్వాత అసలు అక్కర్లేనిది కావచ్చు. తల వెనక్కి వంచి మింగడం ఒకరికి సాయం, ఇంకొకరికి ప్రమాదం. ముద్ద మీద నీళ్లు తాగడమూ అంతే. పక్క మంచం రోగి చేసేది చూసి నేర్చుకోకండి.

ఇక్కడ రాసినది స్పీచ్, స్వాలో థెరపిస్టు చేయించే పనిని అర్థం చేసుకుని, ఇంట్లో తప్పు లేకుండా కొనసాగించడానికి. నోట్లో మొదటిసారి ఏదైనా పెట్టడానికి అనుమతి మాత్రం మీ సర్జన్ నుంచే రావాలి.

## 1. ముందు డిశ్చార్జి కాగితం తీయండి

గుటక వేసే క్షణంలో స్వరపేటిక పైకి లేచి ముందుకు జరుగుతుంది. నాలుక వెనకున్న ఎపిగ్లాటిస్ అనే రేకు మూతలా వాలుతుంది. దాని కింద పై తంత్రులు, వాటి కింద అసలు స్వరతంత్రులు, ఈ రెండు జతలూ దగ్గరకొచ్చి ఊపిరి దారిని మూసేస్తాయి. ఈ తలుపుల్లో ఏది పోయిందన్న దాన్నిబట్టే మీ సాధన ఉంటుంది.

- పూర్తి స్వరపేటిక తొలగింపు (టోటల్ లారింజెక్టమీ): ఊపిరి దారి మెడ మీది రంధ్రానికి మారుతుంది. నోటి నుంచి ఊపిరితిత్తులకు దారే ఉండదు. పొలమారే భయం పోతుంది, ముద్ద కిందికి దిగకపోవడం సమస్యవుతుంది.
- పై భాగం తొలగింపు (సుప్రాగ్లాటిక్): ఎపిగ్లాటిస్, పై తంత్రులు పోతాయి. అసలు తంత్రులు ఉంటాయి. పొలమారే ముప్పు ఎక్కువ.
- సుప్రాక్రైకాయిడ్: రెండు స్వరతంత్రులూ, థైరాయిడ్ మృదులాస్థీ తీసేసి, కిందనున్న ఉంగరంలాంటి క్రైకాయిడ్ మృదులాస్థిని నాలుక కిందుండే హయాయిడ్ ఎముకకు కలిపి కుడతారు. మూసే పని అంతా మిగిలిన ఆరిటినాయిడ్ (తంత్రులను కదిలించే చిన్న మృదులాస్థి), నాలుక మొదలు మీదే పడుతుంది. వీటన్నిటిలో ఓపిక ఎక్కువ కావాల్సింది దీనికే.
- నిలువు సగం తొలగింపు: ఒక పక్క తంత్రి పోతుంది. తల తిప్పే పద్ధతి సాధారణంగా బాగా పనిచేసేది ఇక్కడే.
- లేజర్‌తో ఒక తంత్రి మాత్రమే తీయడం: మింగడంలో ఇబ్బంది ఉన్నా సాధారణంగా తక్కువే.

సర్జన్‌ను అడిగి రాసుకోవాల్సినవి:

- ఏ వైపు తీశారు? ఆరిటినాయిడ్లు ఒకటి మిగిలిందా, రెండూనా?
- వేరేచోట నుంచి కండ తెచ్చి అతికించారా?
- రేడియేషన్ ముందే అయిందా, ఇక మీదట ఉందా?
- మెడకు బలం పడే వ్యాయామాలు ఏ రోజు నుంచి చేయవచ్చు?
- నాకు గుండె జబ్బు ఉంది, ఊపిరి గట్టిగా బిగబట్టవచ్చా?

చివరి ప్రశ్న తేలిగ్గా తీసుకోకండి. బిగబట్టి ముక్కడం వల్ల గుండె లయ తప్పే వీలుంది.

## 2. పచ్చజెండా పడిందని ఎలా తెలుస్తుంది

పూర్తి తొలగింపులో గొంతు కుట్లు మానే దాకా నోటి ద్వారా ఏమీ ఇవ్వరు. చాలాచోట్ల 7 నుంచి 12 రోజులు ఆగుతారు. ముందే రేడియేషన్ తీసుకున్నవారికి ఇంకా ఎక్కువ పడుతుంది. కుట్ల దగ్గర లీకు లేదని తేల్చుకోవడానికి మందు తాగించి ఎక్స్‌రే తీయడం మామూలే.

పాక్షికంగా తీసినవారికి రెండు పరీక్షలు ఉన్నాయి. ఒకటి బేరియం కలిపినవి మింగిస్తూ తీసే వీడియో ఎక్స్‌రే. రెండోది ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూసే ఫీస్ పరీక్ష. ఎందుకివన్నీ, దగ్గు రాకపోతే సరిపోదా అంటారు. సరిపోదు. ఆపరేషన్, రేడియేషన్ తర్వాత గొంతులో స్పర్శ మందగిస్తుంది. నీళ్లు శ్వాసనాళంలోకి దిగినా దగ్గు రాకపోవచ్చు. పొలమారడం కనీసం మనల్ని హెచ్చరిస్తుంది, చప్పుడు లేకుండా దిగేది తెలియకుండానే న్యుమోనియా తేవచ్చు.

పరీక్ష జరిగేటప్పుడే అడగండి: ఏ చిక్కదనం, ఎన్ని మి.లీ., ఏ భంగిమలో సురక్షితంగా దిగింది? ఆ మూడూ కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో మీకు ఆధారం అదే.

## 3. ప్రతిసారీ చేయాల్సిన సిద్ధం

పొరపాటున కొంచెం ఊపిరితిత్తుల్లోకి పోయినా, దానితోపాటు వెళ్లే క్రిములు ఎన్ని అన్నదే చాలావరకు న్యుమోనియా వస్తుందా రాదా అని తేలుస్తుంది. అందుకే పళ్లు తోముకోవడం ఇక్కడ మర్యాద కోసం కాదు, మందులాంటిది. ముక్కు గొట్టం ద్వారా మాత్రమే ఆహారం వెళ్తున్నా సరే, రోజుకు కనీసం రెండుసార్లు పళ్లు, నాలుక, చిగుళ్లు శుభ్రం చేయాలి. మింగే సాధనకు ముందు ఇంకోసారి.

మొదలుపెట్టే ముందు:

- మత్తు లేదు, పూర్తి మెలకువలో ఉన్నారు
- నడుము నిటారుగా, పాదాలు నేలకు ఆని కూర్చున్నారు
- టీవీ, ఫోను ఆపేశారు
- ట్రాకియాస్టమీ గొట్టం (ఊపిరి కోసం మెడలో పెట్టినది) ఉంటే సక్షన్ అయింది, అంటే లోపలి కఫం పీల్చి తీశారు
- ఆ గొట్టం చుట్టూ గాలి బుడగ (కఫ్) ఉంటే, డాక్టర్ ఒప్పుకున్నాకే గాలి తీశారు
- అద్దం, గుడ్డ, 5 మి.లీ. చెంచా దగ్గరున్నాయి

గాలి బుడగ గురించి ఒక మాట. అది ఉబ్బి ఉంటే ఆహారం కిందికి పోదని చాలామంది ధైర్యం. దాని పక్కల నుంచి ద్రవం జారుతుంది. పైగా ఉబ్బిన బుడగ స్వరపేటికను పైకి లేవనివ్వకుండా పట్టి ఉంచుతుంది. గుటక వేసేటప్పుడు గొట్టం మూతిని శుభ్రమైన వేలితో మూయడం, లేదా గొట్టం మూతికి తగిలించే, గాలిని లోపలికి మాత్రమే వెళ్లనిచ్చే మాట్లాడే వాల్వు పెట్టడం వల్ల గొంతు కింద గాలి ఒత్తిడి తిరిగి వస్తుంది, దగ్గుకు బలం వస్తుంది. ఒక్క హెచ్చరిక: బుడగలో గాలి ఉండగా వాల్వు పెట్టకూడదు, వేలితో మూయకూడదు. ఊపిరి బయటికి వెళ్లే దారే ఉండదు. పూర్తి తొలగింపు అయినవారి మెడ రంధ్రానికి ఇవేవీ వర్తించవు.

## 4. మొదటి సాధన ఉమ్మితోనే

పాక్షిక తొలగింపు అయినవారు ఇక్కడ తొందరపడితే తర్వాత వారాలు పోతాయి. ఊపిరి మూయడం రాకుండా నీళ్ల చెంచా ఎత్తకూడదు.

ఊపిరి బిగబట్టమంటే చాలామంది ఛాతీని బిగిస్తారు, గొంతు మాత్రం తెరిచే ఉంటుంది. బయటికి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే "అ" అని గట్టిగా అంటూ మధ్యలో టక్కున ఆపండి. ఆగిన చోట, గొంతు లోపల, బరువు ఎత్తేటప్పుడు పడే బిగువు తెలియాలి. తెలియకపోతే రెండు చేతులతో కుర్చీని కిందికి నొక్కుతూ మళ్లీ చేయండి. ఫీస్ పరీక్ష సమయంలో ఆ తెరను మీరూ చూస్తే ఇది ఒక్క పూటలో వస్తుంది, థెరపిస్టును అడగండి.

ఆ బిగువు కుదిరాక పూర్తి క్రమం:

1. ముక్కుతోనో గొట్టంతోనో మామూలుగా ఊపిరి తీసుకోండి.
2. ఊపిరి బిగబట్టండి. గొట్టం ఉంటే వేలితో మూయండి.
3. బిగువు వదలకుండా ఉమ్మి మింగండి.
4. మింగిన వెంటనే, ఊపిరి లోపలికి తీసుకోకముందే, దగ్గండి.
5. మళ్లీ ఒక గుటక వేయండి.
6. ఇప్పుడు ఊపిరి తీసుకోండి.

దీన్ని సుప్రాగ్లాటిక్ గుటక అంటారు. రెండో మెట్టులో ముక్కినట్టు గట్టిగా బిగబడితే అది సూపర్ సుప్రాగ్లాటిక్. దానివల్ల ఆరిటినాయిడ్లు ముందుకు వంగి దారిని ఇంకా గట్టిగా మూస్తాయి. ఎపిగ్లాటిస్ పోయినవారికి ఎక్కువగా కావాల్సింది ఇదే. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఈమధ్య పక్షవాతం వచ్చి ఉంటే డాక్టర్ చెప్పకుండా దీని జోలికి వెళ్లవద్దు.

దాదాపు అందరూ తప్పేది నాలుగో మెట్టు దగ్గరే. మింగగానే ఒక్క చిన్న ఊపిరి పీల్చి, తర్వాత దగ్గుతారు. తంత్రుల మీద నిలిచి ఉన్న చుక్క ఆ చిన్న ఊపిరితోనే లోపలికి పోతుంది. ఎదురుగా ఎవరైనా కూర్చుని "మింగు, దగ్గు, మింగు" అని తాళం వేసినట్టు చెబుతుంటే త్వరగా అలవాటవుతుంది. వరసగా 10 సార్లు తప్పు లేకుండా ఉమ్మితో వచ్చిన తర్వాతే, థెరపిస్టు చెప్పిన చిక్కదనంతో 1 మి.లీ. నుంచి మొదలుపెట్టండి. ఆ తర్వాత 3, 5, 10. ఒక మోతాదులో దగ్గు, గరగర వస్తే పై మోతాదుకు వెళ్లకండి.

## 5. తల ఎటు వంచాలి

- గడ్డం ఛాతీ వైపు దించడం: నాలుక మొదలు వెనక్కి జరిగి ఊపిరి దారి ముఖద్వారం ఇరుకవుతుంది. పై భాగం, సుప్రాక్రైకాయిడ్ ఆపరేషన్ల తర్వాత తరచుగా చెబుతారు. వీపు వంచడం కాదు, మెడ మాత్రమే. పెదవులు సరిగా మూసుకోని వారికి నోట్లోది ముందుకు కారుతుంది.
- తల పక్కకు తిప్పడం: ఆపరేషన్ అయిన వైపు తిప్పాలి. ఆ పక్క దారి నొక్కుకుని, ముద్ద బాగున్న పక్క నుంచి దిగుతుంది.
- తల వెనక్కి వంచడం: పాక్షికంగా తీసినవారు చేయకూడదు, ఊపిరి దారి బార్లా తెరుచుకుంటుంది. పూర్తిగా తీసినవారికి మాత్రం నోట్లోది కిందికి జారడానికి ఇదే పనికొస్తుంది.

భంగిమ ఏదైనా గుటక పూర్తయ్యే దాకా ఉంచాలి. గడ్డం దించి నోట్లో పెట్టుకుని, మింగే క్షణంలో తల ఎత్తేయడం తరచూ కనిపించే తప్పు.

## 6. చిక్కదనం కొలిచే పద్ధతి

"కొంచెం చిక్కగా" అన్న మాట ఆసుపత్రిలో ఒకలా, ఇంట్లో ఒకలా అవుతుంది. ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ కొలత దీన్ని 0 నుంచి 7 దాకా మెట్లుగా విడగొట్టింది. ద్రవాలకు కావాల్సింది 10 మి.లీ. సిరంజి మాత్రమే. సూది, పిస్టన్ తీసేసి, 0 నుంచి 10 గీత దాకా పొడవు 61.5 మి.మీ. ఉందో లేదో చూసుకోండి. పొడవు తేడా ఉంటే ఫలితం తప్పు వస్తుంది.

కింద వేలితో మూసి 10 మి.లీ. పోయండి. వేలు తీసి సరిగ్గా 10 సెకన్లకు మళ్లీ మూయండి. మిగిలిందెంతో చూడండి:

- 1 మి.లీ. కన్నా తక్కువ: మెట్టు 0, నీళ్లంత పలచన
- 1 నుంచి 4: మెట్టు 1
- 4 నుంచి 8: మెట్టు 2
- 8 కన్నా ఎక్కువ, కానీ కొంత కారింది: మెట్టు 3
- ఏమీ కారలేదు: మెట్టు 4, చెంచాతోనే తినే గుజ్జు

మెట్టు 4 గుజ్జును చెంచా వంచి చూడాలి. ఒకే ముద్దగా జారి పడాలి, చెంచాకు దాదాపు ఏమీ మిగలకూడదు. అంటుకుపోతే అది గొంతులోనూ అంటుకుంటుంది. మెట్టు 5లో పెద్దవారికి ముక్కలు 4 మి.మీ. మించవు, ఫోర్కు పళ్ల మధ్య సందు అంతే. మెట్టు 6లో 1.5 సెం.మీ. దాకా ముక్కలు, ఫోర్కుతో నొక్కితే మెత్తబడి మళ్లీ ముందు ఆకారానికి రాకూడదు. 7 మామూలు భోజనం.

చిక్కబరిచే పొడిలో రెండు రకాలున్నాయి. పిండి రకం గ్లాసులో ఉన్నకొద్దీ గట్టిపడుతుంది, ఉమ్మి తగిలితే పలచబడుతుంది. నోట్లో పెట్టిన చెంచాను మళ్లీ గ్లాసులో ముంచితే అరగంటలో మెట్టు మారిపోయేది అందుకే. జిగురు రకం నిలకడగా ఉంటుంది. ఏదైనా డబ్బా మీద రాసినంత సేపు ఆగాకే సిరంజి పరీక్ష చేయండి.

మోసం చేసేవి ఇంకో రెండు. నోట్లో కరిగిపోయే ఐస్‌క్రీం, జెల్లీ లాంటివి గట్టివి కావు, గొంతు దగ్గరకు వచ్చేసరికి నీళ్లే. ముక్కలూ పులుసూ కలిసి ఉన్నవి అన్నిటికన్నా కష్టం. ముక్క నములుతుండగా పులుసు ముందే జారిపోతుంది.

## 7. పూర్తి తొలగింపు అయినవారికి దారే వేరు

వీరికి 4, 5 విభాగాల్లోని ఊపిరి బిగబట్టడం, గడ్డం దించడం అక్కర్లేదు. ముద్ద గొంతులో ఇరుక్కున్నా ఊపిరి మెడ రంధ్రం నుంచి ఆడుతూనే ఉంటుంది. ఇది తెలిస్తే సగం భయం పోతుంది.

పలచటి ద్రవాలే ముందు తేలిగ్గా దిగుతాయి. చిక్కనివి, గట్టివి తర్వాత. కాబట్టి ఇంట్లో వాళ్లు ప్రేమగా చిక్కగా చేసి పెట్టడం ఇక్కడ తప్పు దారి.

- చిన్న ముద్ద, బాగా నమలండి.
- నాలుకను అంగిలికి గట్టిగా నొక్కి, గొంతు కండలన్నీ పిండినట్టు బలంగా మింగండి.
- ప్రతి రెండు మూడు ముద్దలకు ఒక గుక్క నీళ్లు.
- పొడిపొడిగా ఉండేవాటికి తడి కలపండి.
- తిన్నాక వెంటనే వంగకండి. ముక్కులోకి ఎగదన్నుతుంది.

గొంతులో నాలుక మొదలు వెనక మడతలా ఏర్పడి ముద్దను ఆపేసే సంచీ ఒకటి కొందరికి ఉంటుంది. తిన్న చాలాసేపటికి నోట్లోకి తిరిగి వస్తుంటే దాన్ని అనుమానించి ఎక్స్‌రే అడగండి.

మాట కోసం శ్వాసనాళానికీ అన్ననాళానికీ మధ్య వాల్వు పెట్టించుకున్నవారికి మాత్రం పొలమారవచ్చు, ఆ వాల్వు ద్వారానే. చూసే పద్ధతి ఇది. అద్దం ముందు కూర్చుని టార్చి మెడ రంధ్రంలోకి వేయండి. రంగు కలిపిన నీళ్లు ఒక గుక్క తాగండి. చుక్క వాల్వు మధ్యలోంచి వస్తే ముందు బ్రష్‌తో శుభ్రం చేసి మళ్లీ చూడండి. అయినా వస్తే వాల్వు మార్చాలి. చుట్టూ అంచుల నుంచి వస్తే కొలత సరిపోవడం లేదన్నమాట, బ్రష్‌తో కుదరదు. మార్చే దాకా మధ్య లీకుకు ప్లగ్గు పెట్టుకోవచ్చు, ద్రవాలు చిక్కగా తీసుకోవచ్చు. వాల్వు ఊడిపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దారి త్వరగా పూడుకుపోతుంది, ఊడింది శ్వాసనాళంలో పడిందేమో కూడా చూడాలి.

## 8. బలం కోసం, సర్జన్ సరేనన్నాక

కుట్లు మానకముందు మెడను లాగే వ్యాయామం గాయాన్ని విప్పుతుంది. అనుమతి వచ్చాక:

- బలమైన గుటక: 10 సార్లు, రోజుకు మూడు పూటలు. పూర్తిగా తీసినవారికీ, పాక్షికంగా తీసినవారికీ.
- నాలుక కొస పట్టి మింగడం: కొసను పళ్ల మధ్య మెల్లగా పట్టి ఉమ్మి మింగాలి. గొంతు వెనక గోడ ముందుకు వస్తుంది. ఆహారంతో ఎప్పుడూ చేయకండి.
- మెండెల్సన్ పద్ధతి: గుటకలో గొంతు పైకి లేచినప్పుడు 2, 3 సెకన్లు అక్కడే నిలపాలి. స్వరపేటిక కొంతైనా మిగిలినవారికే.
- గడ్డం కింద బంతి: సుమారు 12 సెం.మీ. మెత్తటి బంతిని గడ్డంతో ఛాతీకి నొక్కాలి. వెల్లకిలా పడుకుని తల ఎత్తే షేకర్ వ్యాయామం కన్నా ఇది మెడకు తేలిక. ట్రాకియాస్టమీ గొట్టం ఉంటే రెండూ వద్దు.
- దవడ సాగదీత: నోరు 35 మి.మీ. కన్నా తక్కువ తెరుచుకుంటే బిగుసుకున్నట్టే. వాడుకలో ఉన్న ఒక లెక్క: రోజుకు 7 సార్లు, ఒక్కోసారి 7 మార్లు, 7 సెకన్లు ఆపి.

రేడియేషన్ రోజుల్లో నొప్పి వల్ల చాలామంది మానేస్తారు. ఆ వారాల్లోనే మానకూడదు. మింగని కండ పీచులా గట్టిపడుతుంది. సాధనకు ముందు నొప్పి మందు పడేలా వేళ కుదుర్చుకోండి, లెక్క సగానికి తగ్గించినా ఆపకండి.

## 9. తప్పు జరిగే చోట్లు

మింగాక గొంతు గరగరలాడుతోంది. లోపల నిలిచింది. దగ్గి, ఉత్తి గుటక రెండుసార్లు వేయండి. మాట తేటపడ్డాకే తర్వాతి చెంచా.

మొదటి పది నిమిషాలు బాగుంది, తర్వాత పొలమారుతోంది. అది అలసట. అరగంట మించకుండా తినండి, మూడు పూటలను ఆరు చేయండి.

మాత్రలు దిగడం లేదు. ద్రవరూపం ఉందేమో అడగండి. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రలను పొడి చేయకూడదు.

పాక్షికంగా తీసినవారు ముద్ద మీద నీళ్లు తాగుతున్నారు. మానండి. నీళ్లు మిగిలిన ముక్కను ఊపిరి దారిలోకి కడుగుతాయి.

ఆకలే లేదు. పూర్తిగా తీసినవారికి ముక్కుకు గాలి తగలక వాసన పోతుంది, రుచీ తగ్గుతుంది. పెదవులు మూసి, దవడను, నాలుకను కిందికి దించుతూ ఆవలింతను అణచినట్టు చేస్తే ముక్కులోకి గాలి వస్తుంది. భోజనానికి ముందు కొన్నిసార్లు చేయండి.

## 10. ఆహారం గొట్టం ఎప్పుడు తీస్తారు

మామూలు అంచనా కేజీ బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు. 60 కేజీల మనిషికి 1500 నుంచి 1800 కేలరీలు, 72 నుంచి 90 గ్రాములు. ఇందులో నోటి ద్వారా ఎంత వెళ్తోందో రాయకుండా "బాగానే తింటున్నాడు" అంటే గొట్టం తొందరగా పోతుంది, బరువూ దానితోపాటే పోతుంది. కిడ్నీ జబ్బు ఉంటే లెక్క మారుతుంది.

నోటి ద్వారా నాలుగింట మూడొంతులు వెళ్తూ, బరువు నిలకడగా ఉంటే డాక్టర్‌తో గొట్టం సంగతి మాట్లాడవచ్చు. గొట్టం ద్వారా ఇచ్చేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తు, తర్వాత కనీసం అరగంట అలాగే.

## 11. సాధన ఆపి వెంటనే ఫోన్ చేయాల్సినవి

- 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, కొత్త దగ్గు, ఆయాసం
- మెడ గాయం ఎర్రబడటం, వాపు, దుర్వాసన, ఉమ్మి లేదా ఆహారం కారడం. గొంతు కుట్లలో చిల్లు పడి ఉండవచ్చు, నోటి ద్వారా ఇవ్వడం ఆపండి
- మెడ నుంచి, నోటి నుంచి తాజా ఎర్రటి రక్తం. చెంచాడే వచ్చి ఆగిపోయినా ఫోన్ కాదు, ఎమర్జెన్సీకే. పెద్ద రక్తనాళం తెగే ముందు ఇలా కొంచెం వచ్చి ఆగుతుంది
- నెలలో 5 శాతం బరువు తగ్గడం

పూర్తి తొలగింపు అయినవారికి ఆక్సిజన్ ఇవ్వాల్సి వస్తే మెడ రంధ్రం దగ్గర ఇవ్వాలి, ముఖానికి కాదు. ఇది ఒక కార్డు మీద రాసి జేబులో ఉంచండి.

## 12. నెలలు గడిచాక వచ్చేవి

బాగా తింటున్న మనిషికి మెల్లగా గట్టివి, తర్వాత మెత్తటివి, చివరికి ద్రవాలూ ఆగిపోతుంటే గొంతు దారి సన్నబడుతోందని అర్థం. వ్యాయామం పెంచి లాభం లేదు. దారిని సాగదీసే చిన్న ప్రక్రియ ఉంది, ఒకటి కన్నా ఎక్కువసార్లు కావచ్చు. క్యాన్సర్ తిరిగి రాలేదని ముందుగా చూసుకున్నాకే అది చేస్తారు.

నీరసం, చలి, గాయం మానకపోవడం ఉంటే థైరాయిడ్ అడగండి. ఆపరేషన్‌లో ఆ గ్రంథి కొంత పోవచ్చు, రేడియేషన్ మిగిలినదాన్ని దెబ్బతీయవచ్చు. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి.